దూరం నుంచి వినిపించిన తెలుగు

బదిలీ ఉద్యోగుల ఇళ్లలో ఒక మాట తరచూ వినిపిస్తుంది. "మా వాడికి తెలుగు అంతంతమాత్రమే అండీ. పుట్టింది ఒకచోట, పెరిగింది నాలుగుచోట్ల. ఇక తెలుగెక్కడ వస్తుంది?" పెద్దలు ఈ మాట పిల్లల ముందే అనేస్తారు. సెలవుల్లో అమ్మమ్మగారి ఊరు వెళితే అక్కడి పిల్లలు వీళ్ల యాసను అనుకరించి ఆటపట్టిస్తారు. కొన్నాళ్లకు పిల్లలే ఆ మాట నమ్మేస్తారు. మంచి తెలుగు ఆంధ్రా, తెలంగాణల్లో ఉన్నవాళ్లదని, తమది అరకొర తెలుగని అనుకుంటారు.

ఈ నమ్మకం తప్పని నా అభిప్రాయం. దానికి సాక్ష్యంగా మీ తాతయ్యలు, అమ్మానాన్నలు ఇప్పటికీ తలచుకునే కొన్ని రేడియో, టీవీ గొంతులను ఇక్కడ గుర్తు చేస్తాను.

ముందు రేడియో అన్నయ్య. అసలు పేరు న్యాయపతి రాఘవరావు. ఆయన భార్య కామేశ్వరి రేడియో అక్కయ్య. మద్రాసు కేంద్రంలోనూ, తర్వాత హైదరాబాద్ కేంద్రంలోనూ ఈ దంపతులు పిల్లల కార్యక్రమాలు నడిపారు. 1945లో 'బాల' అనే పిల్లల పత్రికను కూడా మొదలుపెట్టారు. రెండు మూడు తరాల తెలుగు పిల్లలకు వాళ్లు సొంత అన్నయ్య, అక్కయ్య అయిపోయారు. ఇంతకీ రాఘవరావుగారు పుట్టిందెక్కడో తెలుసా? ఒడిశాలోని బరంపురంలో. మనకూ పొరుగు రాష్ట్రమే!

తర్వాత ఢిల్లీ. ఉదయం కాఫీ వేళకు ఇంటింటా మోగిన ఆకాశవాణి తెలుగు వార్తలు ఎన్నో ఏళ్లు ఢిల్లీ నుంచే వచ్చాయి. చుట్టూ హిందీ, పంజాబీ వినిపించే నగరంలో కూర్చుని అద్దంకి మన్నార్ వంటివారు తెలుగు వార్తలు చదివారు. తర్వాత సినిమాల్లో కంచుకంఠంగా పేరు తెచ్చుకున్న కొంగర జగ్గయ్య కూడా మొదట ఆ స్టూడియోలోనే వార్తలు చదివారు. అంటే వాళ్లూ మీ అమ్మానాన్నల్లాగే ఉద్యోగం కోసం సొంత ఊరు వదిలి వెళ్లినవాళ్లే. ఇక రేడియో సిలోన్‌లో తెలుగు సినిమా పాటలు వినిపించిన మీనాక్షి పొన్నుదురై గొంతు సముద్రం దాటి వచ్చింది. ఆ పేరు చెబితే చాలు, అరవై దాటినవాళ్ల ముఖాలు వెలుగుతాయి. కావాలంటే మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చూడండి.

టీవీ కాలానికి వస్తే, మలయాళీ కుటుంబంలో పుట్టిన సుమ కనకాల ఇవాళ తెలుగులో అందరికన్నా గలగలా మాట్లాడే వ్యాఖ్యాతల్లో ఒకరు. తెలుగు ఆవిడ ఇంటిభాష కాదు, నేర్చుకున్న భాష. హిందీలోనూ ఇలాంటి ఉదాహరణ ఉంది. 1952లో రేడియో సిలోన్‌లో మొదలైన 'బినాకా గీత్‌మాలా'తో దేశమంతా ఎరిగిన అమీన్ సయానీది గుజరాతీ కుటుంబం. రేడియోలో ఆయన తొలి అడుగులు ఇంగ్లీషు కార్యక్రమాలతో పడ్డాయి. ఆయన తల్లి నడిపిన 'రహబర్' అనే పత్రిక సులువైన హిందుస్తానీలో వచ్చేది. ఆ పత్రిక పనిలో చెయ్యి కలపడం వల్లే ఆయనకు అందరికీ అర్థమయ్యే భాష అలవడింది.

కాబట్టి మంచి భాషకు జన్మస్థలం ఒక్కటే కారణం కాదు. మరి ఏమిటి? నాకు తోచింది ఇదీ. వీళ్లంతా కనిపించని మనిషితో మాట్లాడారు. ఎదురుగా ఉన్నవాళ్లతో మాట్లాడేటప్పుడు సగం పని మన చేతులు, కళ్లు చేసేస్తాయి. "అదే, ఆ దాని పక్కన ఉంటుందే, అది" అన్నా సరిపోతుంది. రేడియోలో అలా కుదరదు. ఎక్కడో వంటింట్లోనో, పొలం గట్టునో, గని దగ్గరి క్వార్టర్సులోనో ఉన్న మనిషికి మాటతోనే అంతా చూపించాలి. అందుకు పేరు స్పష్టంగా పలకాలి, వాక్యం పూర్తి చెయ్యాలి, ముందుగా సిద్ధపడాలి.

విజయవాడ కేంద్రంలో ఉషశ్రీగారు రామాయణ, భారతాలు చెప్పినా, 'ధర్మసందేహాలు' తీర్చినా అదే పద్ధతి. భద్రాచలంలో సీతారామ కల్యాణం జరుగుతుంటే ఆయన వ్యాఖ్యానం విన్నవాళ్లకు పందిరిలో కూర్చున్నట్టే ఉండేది. హైదరాబాద్ దూరదర్శన్‌లో 1983 నవంబరు 14న మొదటి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్‌గారి ఎదుట టెలిప్రాంప్టర్ లేదు. వార్తలను కంఠస్థం చేసి, మన కళ్లలోకి చూస్తూ చెప్పేవారు. నా చిన్నతనంలో ఆయన తెరమీద కనిపిస్తే ఇంట్లో మాటలు ఆగిపోయేవి. 1996లో 'పాడుతా తీయగా' మొదలయ్యాక బాలసుబ్రహ్మణ్యంగారు పాడే పిల్లల ఒత్తులు, పొల్లులు ఓపికగా సరిదిద్దేవారు. పాట అర్థం విడమరిచి చెప్పేవారు. మా తరం పిల్లలకు అది వారం వారం జరిగే తెలుగు తరగతి.

మరొక సంగతి గమనించారా? అన్నయ్య, అక్కయ్య. రాయపూర్ ఆకాశవాణిలో ఛత్తీస్‌గఢీలో పల్లెవాసులతో ముచ్చటించిన ఆయన పేరు బర్సాతీ భయ్యా. భాష ఏదైనా శ్రోతలు ఆ గొంతులను వరసలు పెట్టి పిలుచుకున్నారు. బంధువులకు దూరంగా ఉండే కుటుంబాలకు ఈ వరసల విలువ బాగా తెలుస్తుంది. బైలాడీలా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960ల్లో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం వేశారు. గనులూ రైలూ కలిసి ఎన్నో తెలుగు కుటుంబాలను ఈ కొండల్లోకి తెచ్చాయి. అప్పట్లో విశాఖపట్నం, విజయవాడ కేంద్రాలు ఇంత దూరం పలకాలంటే చీకటి పడాలి. పగటిపూట అయనావరణంలోని కింది పొర మీడియం వేవ్ తరంగాలను పీల్చేస్తుంది. రాత్రి ఆ పొర దాదాపు మాయమై, తరంగాలు ఇంకా పైపొరకు తగిలి దూరప్రాంతాలకు దిగుతాయి. గరగర మధ్య ఒక తెలుగు వాక్యం దొరికితే అది చుట్టం వచ్చినంత సంబరం.

ఇదంతా చెప్పి "ఆ రోజులే వేరు, ఇప్పుడంతా పాడైపోయింది" అని నిట్టూర్చడం నా ఉద్దేశం కాదు. పాతదంతా బంగారం కాదు. అప్పుడు వినేవాళ్లకు ఎంచుకునే వీలు తక్కువ. మీ అవ్వ మాట్లాడే శ్రీకాకుళం యాసకో, కరీంనగర్ యాసకో వార్తల బల్ల దగ్గర కుర్చీ లేదు. ఒక్కరకం తెలుగే గొప్పదన్న భావన అప్పుడే బలపడింది. మీ యాసను చూసి నవ్వే అలవాటుకు అది కూడా ఒక కారణమే. ఇవాళ యాసలన్నీ టీవీలోనూ ఫోనులోనూ ధైర్యంగా వినిపిస్తున్నాయి. అది మంచి మార్పు. ఇంగ్లీషు మాట కలిసిందని ఇప్పటి యాంకర్లను తిట్టడం కూడా నాకు నచ్చదు. రేడియో, స్టేషన్, బస్సు మనవి కాలేదా? నాకు నచ్చనిదల్లా సిద్ధపడకుండా మాట్లాడటం, వాక్యాన్ని మధ్యలో వదిలేసి నవ్వుతో నింపడం. అది యాస సమస్య కాదు, శ్రద్ధ సమస్య.

ఇక మీ సంగతి. ఇప్పుడు చీకటి పడేదాకా ఆగనక్కర్లేదు. ప్రసారభారతి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో తెలుగు కేంద్రాలు మీ ఇంట్లో ఫోనులోనే పలుకుతాయి. రోజూ పది నిమిషాలు వినండి. తెలుగు చదవడం ఇంకా రానివాళ్లు కూడా వినగలరు. భాష ముందు చెవిలోకి వస్తుంది, తర్వాతే చేతిలోకి.

కానీ వినడంతో ఆగిపోవద్దు. మీరూ చెప్పండి. మీ దగ్గర వార్త ఉంది. డెబ్బయి అయిదు రోజులు సాగే బస్తర్ దసరాను, దంతేశ్వరి అమ్మవారి రథాన్ని మీరు దగ్గరగా చూడగలరు. మీ పక్కింటి స్నేహితుడు ఇంట్లో హల్బీయో గోండీయో మాట్లాడతాడు. జగదల్‌పూర్ ఆకాశవాణిలో హల్బీ కార్యక్రమాలు వస్తాయి. వాటిని అతనితో కలిసి విని అర్థం అడగండి. చిత్రకోట్ దగ్గర దూకే ఇంద్రావతి నీళ్లు చివరికి గోదావరిలోనే కలుస్తాయి. భద్రాచలం రేవులో మునిగేవాళ్లలో ఎంతమందికి ఆ నీళ్లలో చిత్రకోట్ కూడా ఉందని తెలుసు? తెలుగులో ఆ మాట చెప్పడానికి మీకన్నా తగినవాళ్లు ఎవరు? గుంటూరులోనో వరంగల్‌లోనో ఉన్న మీ వయసు పిల్లలకు ఈ అవకాశం లేదు.

వారానికి ఒకసారి మీ తాతయ్యకో అమ్మమ్మకో రెండు నిమిషాల మాట రికార్డు చేసి పంపండి. "హాయ్, బాగున్నారా, బై" అని ముగించకుండా ఆ వారం చూసింది ఒకటి చెప్పండి. ముందు కాగితం మీద రాసుకోండి. తెలుగు లిపి రాకపోతే హిందీ అక్షరాల్లోనే రాసుకోండి, తప్పేమీ లేదు. ఒకసారి పైకి చదవండి, తర్వాత కాగితం పక్కన పెట్టి చెప్పండి. మీ యాస మీదే, దాన్ని దాచకండి. వాక్యం మాత్రం పూర్తి చెయ్యండి.

తల్లిదండ్రులకు ఒక్క విన్నపం. పిల్లల తెలుగు గురించి వాళ్ల ముందు తీర్పు చెప్పకండి, వాళ్లు చెప్పేది చివరిదాకా వినండి. బడి వైపు నుంచి నేను కోరేది కూడా చిన్నదే. ఉదయపు ప్రార్థనా సమావేశంలో హిందీ, ఇంగ్లీషు వార్తలతో పాటు వారానికి ఒకరోజు మూడు నిమిషాలు తెలుగుకు, మరో రోజు హల్బీకి ఇస్తే చాలు. చదవడానికి పేర్లు ఇవ్వదలచినవాళ్లు అర పేజీ వార్త రాసుకుని నా దగ్గరికి రండి. ఎవరి యాసా అడగను. ఎన్నిసార్లు పైకి చదివి సాధన చేశారని మాత్రం అడుగుతాను.