ఇల్లు నా పేర, కొలతలు ఎవరివి?

మెదక్ పట్టణంలో నా పేరిట ఇందిరమ్మ ఇల్లు లేస్తోంది. 2024లో మొదలైన ఈ పథకంలో 5 లక్షల సాయం స్త్రీ పేరునే ఇస్తారు. మంచిదే. కానీ ఏళ్ల తరబడి కీళ్లవాతంతో ఉన్న నేను కమోడ్, గోడకు కడ్డీ, ఎత్తులేని గడప అడిగితే మేస్త్రీ "అవి ముసలోళ్లకు గదమ్మా" అన్నాడు.

2016 వికలాంగుల హక్కుల చట్టం 37వ సెక్షన్ గృహపథకాల్లో 5 శాతం కేటాయించి, అందులో స్త్రీలకు ప్రాధాన్యమిమ్మంది. అయితే 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం కావాలి. పొద్దున పిడికిలి ముడవలేక, మధ్యాహ్నానికి బియ్యం చెరిగే ఒంటికి ఎంత శాతం వేస్తారు?

పునాది చూడవచ్చే ఉద్యోగి ఇంటామెను అడగాలి: ఎక్కడ వంగలేవు, ఏది ఎత్తలేవు? గోడలు లేచాక పగలగొట్టే ఖర్చూ ఆమెదే.