బార్‌కోడుంటే పాట మీదైపోతుందా?

మా డోర్నకల్ వైపు జానపదాలు పాడే కుర్రాళ్ళు యూట్యూబ్‌తో ఆగట్లేదు, డిస్ట్రిబ్యూటర్ ద్వారా స్పాటిఫైకీ ఎక్కిస్తున్నారు. సంతోషం. కానీ "పాటకి బార్‌కోడ్ వచ్చిందన్నా, ఇక ఎవడూ ఎత్తుకుపోలేడు" అంటే మాత్రం ఒళ్ళు మండుతుంది. వాళ్ళ మీద కాదు, అలా నమ్మించినవాళ్ళ మీద.

డేటాబేస్ జనాలం కదా, మన భాషలోనే చెప్పుకుందాం. బార్‌కోడ్ అనేది ఆల్బమ్‌కి కీ. కిరాణా కొట్లో సబ్బు మీద ఉండే బాపతే. ఒక్కో రికార్డింగుకి ఉండేది ఐఎస్ఆర్‌సీ. మొత్తం 12 అక్షరాలు: దేశం, కోడ్ కేటాయించినవాడు, సంవత్సరం, వరుస నంబరు. ఓనర్ కాలమ్ ఏదీ? లేదు! సాహిత్యం, బాణీలకి ఐఎస్‌డబ్ల్యూసీ అని అసలు టేబులే వేరు. హక్కులెవరివో తేలేది అగ్రిమెంట్లో. దాన్నేమో ఎవడూ చదవడు.

2021లో 'లవ్ స్టోరీ' సినిమాలోని 'సారంగ దరియా' మీద గొడవ గుర్తుందిగా? జానపదం ఎవరిది, సేకరించినవాళ్ళకి ఏం దక్కాలి అన్నది ప్రశ్న. దానికి ఏ కోడూ జవాబు చెప్పలేదు. అమ్మమ్మ నోటి పాటని పదిమంది రికార్డు చేస్తే పది ఐఎస్ఆర్‌సీలొస్తాయి, అమ్మమ్మ పేరు ఒక్కదాన్లోనూ ఉండదు.

అలాగని కోడ్ దండగ అనట్లేదు. రికార్డింగు చేతులు మారినా ఐఎస్ఆర్‌సీ మారకూడదన్నది రూలు. డిస్ట్రిబ్యూటర్‌ని మార్చేటప్పుడు పాతది ఇవ్వకపోతే కొత్తది పుడుతుంది, ప్లేల లెక్క రెండు ముక్కలవుతుంది. ఊళ్ళో తమ్ముళ్ళు అప్‌లోడ్ చేసిపెట్టమని అడిగేది మనల్నేగా. ఈసారి ఆ కోడ్లు ఓ ఎక్సెల్లో పెట్టి వాళ్ళ చేతికివ్వండి.