లాగ్ లేని సర్వర్

సీఎంఎల్ అనే అరుదైన రక్తక్యాన్సర్‌కి 2001లో ఇమాటినిబ్ మాత్ర వచ్చింది. ఇప్పుడు ఆ రోగుల ఆయుష్షు దాదాపు మామూలు జనంతో సమానమని స్వీడన్ వాళ్ళు లెక్కతో సహా చెప్తున్నారు. చెప్పగలరు మరి, 1958 నుంచీ ఊరూవాడా క్యాన్సర్ రిజిస్ట్రీ రాస్తున్నారు.

మందు మనకీ ఉంది. హైదరాబాద్ నాట్కో 2003లోనే చౌకగా తెచ్చింది. కానీ మాత్ర రోజూ వేసుకోవాలి, పరీక్షలు మానకూడదు. చర్ల, దుమ్ముగూడెం అడవిపల్లెల నించి భద్రాచలం వచ్చి, అక్కడ్నించి మూడొందల కిలోమీటర్లు బస్సులో హైదరాబాద్ పోయే మనిషి మధ్యలో మానేస్తే ఎవరికి తెలుస్తుంది? హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రీలో ఆయన ఉండడు కదా.

ఏజెన్సీలో ఇలాంటి కేసులు లేవనుకోవడం, లాగింగ్ ఆపేసి ఎర్రర్లు లేవన్నట్టే :)

మందు రేటు గొడవ 2013లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి గెలిచింది, సంతోషం. నన్నడిగితే ఇక భద్రాచలం ఆస్పత్రిలో ఒక రిజిస్టరూ, ఈ నెల మందుకి ఎవరు రాలేదో ఫోన్ చేసి కనుక్కునే మనిషొకరూ కావాలి.