కారే రేడియేటరుకు నీళ్లే మందా?

మాది పాత ట్రాక్టరు. నిరుడు దమ్ము రోజుల్లో రేడియేటరు ఖాళీ అవడం మొదలైంది. పొద్దున ఒక బిందె, మధ్యాహ్నం ఒక బిందె బోరు నీళ్లు పోసి నడిపాం. "నాట్లు అయ్యాక చూద్దాంలే" అన్నారు ఇంట్లో. నేనూ అన్నాను.

ఒకరోజు ముల్లు ఎర్రగీత దాటింది. నాన్న తువ్వాలు చుట్టి మూత తిప్పాడు. నీళ్లు ఎగజిమ్మి మోచేతి దాకా బొబ్బలెక్కాయి. పక్కనే ఉన్నాను. ఒత్తిడి పెరిగితే మరిగే ఉష్ణోగ్రతా పెరుగుతుందని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి! చదరపు అంగుళానికి 7 పౌండ్ల మూత కింద నీరు 110 డిగ్రీల దాకా మరగదు. మూత తీస్తే ఆ క్షణానే ఆవిరై పైకి లేస్తుంది. ఆ ముక్క నా నోట రాలేదు.

నీళ్లు పోయడం రిపేరు కాదని నా వాదన. అవి ఎటు పోతున్నాయో ముందు చూడాలి. నేల తడిగా ఉంటే హోసు, క్లిప్పు, వాటర్ పంపు కింది చిన్న రంధ్రం వెతకండి. నేల పొడిగా ఉండీ మట్టం తగ్గుతుంటే అప్పుడు భయపడాలి. ఆయిలు మజ్జిగ రంగుకు తిరిగినా, వేడెక్కాక కూడా సైలెన్సరు తెల్లటి ఆవిరి వదులుతున్నా హెడ్ గాస్కెట్‌ను అనుమానించాల్సిందే. బోరు నీళ్ల సున్నం గొట్టాల్లో పేరుకునే సంగతి సరేసరి.

మాది పంపు సీలు. మెకానిక్కుకు అరపూట పని. దానికోసం నాన్న చెయ్యి కాలింది.

మన ఫిజిక్స్ లాబ్‌లో ఒక పాత ఇంజను పెట్టించమని లెక్చరర్లను అడగడానికి యూనియన్ ఎందుకు వెనకాడాలి? సిలబస్‌లో లేదంటారేమో, అననివ్వండి.

ఇప్పుడు మూత తీసే పని నాదే. ఇంజను చల్లారిందా అని నాన్న మూడుసార్లు అడిగాకే తీస్తాను.