ఉల్లేఖనముల లెక్క

పరీక్షాఫలితములు తెలిసిన దినమున తలిదండ్రులు మమ్మడుగు మొదటి ప్రశ్న "మావాడు తరగతిలో ఎన్నవవాడు?" అనునదియే. ఏ లెక్క చేసెను, ఎచ్చట తడబడెను అని యడుగువారు అరుదు. ఈ వరుస పండితులకును తప్పలేదు. ఒకరు వ్రాసిన వ్యాసమును తరువాతివారు తమ వ్యాసములలో నెన్నిమారులు ఉల్లేఖించిరో కూడి, ఆ మొత్తమునుబట్టి వారి పరిశోధనకు విలువ కట్టుచున్నారు. ఈ కొలత కొంతవఱకే పనికివచ్చునని మా యభిప్రాయము. ఇందులకు నిదర్శనముగా నొక తెలుగు గణితవేత్తను చూపెదము.

ఉప్పలూరి శివరామచంద్రమూర్తిగారు కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థయందు కల్యంపూడి రాధాకృష్ణరావుగారి పర్యవేక్షణమున పరిశోధన చేసి 1967లో డాక్టరు పట్టమందిరి. పిమ్మట కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయమున ఆచార్యులైరి. వారి విషయము గ్రాఫు సిద్ధాంతము. ఈ గ్రాఫు మన విద్యార్థులు గళ్లకాగితముపై గీయు వక్రరేఖ కాదు. కొన్ని బిందువులు, వానిలో కొన్ని జంటలను కలుపు గీతలు, అంతియే. బిందువులను ఊళ్లనియు గీతలను బాటలనియు అనుకొనవచ్చును.

1976లో మూర్తిగారును ఏడ్రియన్ బాండీగారును కలిసి ఈ శాస్త్రమున నొక పాఠ్యగ్రంథమును ప్రకటించిరి. వేలకొలది వ్యాసములు దానిని ఉల్లేఖించినవి. అందు ముఖ్యమైన పని క్రొత్త విషయములను కనుగొనుట కాదు. చెదరియున్న వానిని వరుసగా కూర్చి విద్యార్థి కందునట్లు చెప్పుట. కడపట, అప్పటికి తెగని ప్రశ్నల పట్టిక నొకదానిని చేర్చిరి. తెలియనిదానిని తెలియదని ఒప్పుకొను పాఠ్యపుస్తకములు మేము చూచినవి బహు కొద్ది. పాఠము చెప్పుటకు ఇంతటి ఆదరము లభించినందులకు, బడిపంతుళ్లమగు మేము సంతోషింపకుండ నుండలేము.

అయినను మూర్తిగారి పేరుతో నడచు ఊహ యొకటి కలదు. సైమన్ అను వేరొక పండితుని పేరును జోడించి దానిని మూర్తి–సైమన్ ఊహ యందురు. గోదావరికి దక్షిణమున కరీంనగరము, జగిత్యాల, పెద్దపల్లి. ఉత్తరమున ఆదిలాబాదు, నిర్మల, మంచిర్యాల. ఈవలి ప్రతి యూరినుండి ఆవలి ప్రతి యూరికి తిన్నని బాట వేసితిమనుకొందము, తొమ్మిది బాటలగును. (ఇవి కాగితముమీది బాటలు; వీనిని నమ్మి ప్రయాణము కట్టవలదు.) అప్పుడు ఏ యూరినుండి యే యూరికైనను రెండు బాటలలో చేరవచ్చును. కరీంనగరము–నిర్మల బాట యొక్కటి తెగెనా, ఆ రెండూళ్ల నడుమ మూడు బాటలు నడువవలసివచ్చును. ఏ బాట తెగినను ఇట్లే రెండు బాటల వసతి చెడవలెనన్నచో, ఆరూళ్లకు తొమ్మిదికి మించిన బాటలు ఇముడవు. ఊళ్లెన్నియైనను, ఆ సంఖ్యను దానితోనే హెచ్చవేసి నాలుగింట భాగింపగా వచ్చు పూర్ణసంఖ్యను బాటల సంఖ్య మించదనుటయే ఆ యూహ.

1992లో హంగేరీ గణితవేత్త ఫ్యూరెడీగారు ఊళ్ల సంఖ్య మిక్కిలి పెద్దదైనపుడు ఇది నిజమని నిరూపించిరి. ఆ పెద్దసంఖ్యను అంకెలలో వ్రాయబూనినచో లోకమందలి కాగితము చాలదు. దానికి లోపలి సంఖ్యలన్నిటికి నిరూపణము ఇంకను పూర్తికాలేదు.

ఈ ప్రశ్నపై శ్రమించినవారు పాఠ్యగ్రంథమును ఉల్లేఖించినవారితో పోల్చగా పిడికెడుమంది. లెక్క ప్రకారము గ్రంథము గొప్పది, ఊహ చిన్నది. ఈ తీర్పును మే మంగీకరింపము. ఎక్కువమందికి ఉపయోగపడినది ఏదియో ఆ లెక్క చెప్పును. ఎక్కువ లోతైనది ఏదియో చెప్పజాలదు. బిందువులను జతలుగా కూర్చు విషయమున మూర్తిగారు బ్రెజిలు దేశస్థుడగు లుక్కేసీగారితో కలిసి వ్రాసిన పెద్ద గ్రంథము 2024లో వెలువడినది. డాక్టరు పట్టము నాటికి దీనికి నడుమ ఏబదియేడేండ్లు. దీనిని ఎందఱు ఉల్లేఖింతురో చూచి విలువ కట్టుటకు ఇంకను వేళ కాలేదు.

ఉత్తరపుగట్టున ఆసిఫాబాదును చేర్చినచో ఊళ్లేడు, బాటలు పండ్రెండు. పదుమూడవది ఏల ఇముడదో మా పై తరగతివారు గీసి చూడవచ్చును. దీనికి మార్కులు వేయము.