చుక్కలమందు మానిపించుచున్నవారెవరు?

కోయంబత్తూరు, మధుర, రాజపాళయము, హోసూరు, ఏ యూరి తెలుగు సంఘసభకు పోయినను ముందు వరుసలోని పెద్దలలో ఒకరిద్దరు ప్రక్క కుర్చీ తగిలి పడబోవుచుండుట మనము చూచుచునే యున్నాము. “వయసు మీరినది, చూపు మందగించినది” అని మనకు మనమే సమాధానము చెప్పుకొని ఊరకుందుము. ఆ సమాధానము సరికాదని నా వాదము. వయస్సొక్కటే మనుష్యుని గ్రుడ్డివానిగా చేయదు. శుక్లములైనచో శస్త్రచికిత్సతో తీసివేయవచ్చును, చూపు మరల వచ్చును. నీటికాసులు, అనగా గ్లాకోమా, అట్టిది కాదు. దానివలన పోయిన చూపు పోయినదే.

తమిళమున దీనికి ‘కణ్ నీర్ అళుత్త నోయ్’ అని పేరు. ఇంట తెలుగును వీధిలో అరవమును మాటలాడు మన ముసలమ్మ ఆ పేరును ‘కన్నీరు’ అని విని, “నా కంట నీరు కారుటలేదే, నాకెందుకీ మందు?” అనుచున్నది. ఆమెను తప్పుపట్టుటకు వీలులేదు. పేరులోని నీరు బయట కారు కన్నీరు కాదనియు, కంటిలోపలనే ఊరి లోపలి సన్నని జల్లెడగుండా బయటికి పోవలసిన నీరనియు ఆమెకు చెప్పినవారు లేరు. ఆ త్రోవ పూడినచో లోపలి యొత్తిడి పెరుగును. పాదరసపు కొలతలో అది సాధారణముగా 10 మొదలు 21 మిల్లీమీటర్ల వరకు ఉండును. కొందరికి ఆ కొలతలోపలనే జబ్బు వచ్చుటయు కలదు. కావున ఒత్తిడి కొలిచిన చాలదు, కంటి వెనుక నరమును గూడ చూడవలెను. మెదడునకు పోవు ఆ నరము మెల్లమెల్లగా చచ్చును. పెక్కుమందికి నొప్పి యుండదు, ఎరుపుండదు. ముందు ప్రక్కచూపు పోవును, నడిమి చూపు కట్టకడపట పోవును. అందుచేతనే పత్రిక చదువగలవాడు సయితము గడప తట్టుకొని పడుచున్నాడు. దక్షిణదేశపు జనులలో జరిపిన పరీక్షలయందు ఈ జబ్బున్నట్లు తేలిన ప్రతి పదిమందిలో తొమ్మండుగురకు అది తమకున్న సంగతియే తెలియదు.

తెలిసినవారైనను మందు వాడుచున్నారా? “మూడు నెలలు వేసితిని, చూపు పెరుగలేదు, మానివేసితిని” అను మాట నేను విన్నన్నిమారులు మరియే మాటయు వినలేదు. మనలో వర్తకులు మెండు గనుక వర్తకుని భాషలోనే అడిగెదను. గోడౌనుకు తాళము వేసినందున సరకు పెరుగలేదని తాళమును పారవేయువాడు ఎవడైన ఉన్నాడా? చుక్కలమందు పోయిన చూపు తెచ్చునది కాదు, ఉన్నదానిని కాచునది. అమెరికాలో కంటి యొత్తిడి యెక్కువైనను నరము చెడని 1,636 మందిని రెండు భాగములు చేసి, ఒక భాగమునకు చుక్కలు వేసి, రెండవ భాగమునకు వేయక, అయిదేండ్లు కనిపెట్టి 2002లో ఫలితము ప్రకటించిరి. చుక్కలు వేసినవారిలో నూటికి 4.4 మందికి, వేయనివారిలో నూటికి 9.5 మందికి జబ్బు పట్టినది. వేయనివారిలోను నూటికి తొంబదిమంది ఆ అయిదేండ్లు క్షేమముగానే యుండిరి గదా యని వాదించువారుందురు. నిజమే. కావుననే ఒత్తిడి యెక్కువైన ప్రతివారును చుక్కలు వేసికొనవలెనని నేననుటలేదు. ఎవరికి కావలెనో నరమును పరీక్షించి వైద్యుడు చెప్పును. నరము చెడ నారంభించినవారికి మాత్రము ఈ లెక్క చూపి మందు మానిపించుట అన్యాయము.

మానిపించువారిలో మొదటివారు మందుల దుకాణముల వారు. కన్ను ఎఱ్ఱబడినదని పోయిన వానికి చీటి అడుగకయే స్టెరాయిడు చుక్కలు చేతిలో పెట్టు దుకాణములు మన వీధులలో కలవు. డెక్సామెథసోను, బీటామెథసోను వంటివి వైద్యుని చీటి లేనిదే అమ్మరాదని చట్టము. వాటిని వారములకొలది వాడిన కొందరికి ఒత్తిడి పెరుగును. ఇంటిలో ఈ జబ్బున్నవారికి మరియు నెక్కువ. మంట చల్లారినది గదా యని ఆ సీసానే మరల మరల కొని, వైద్యుడిచ్చిన సీసాను అలమరలో పెట్టినవారున్నారు. లాభము నాకును తీపియే. కాని యిది వర్తకము కాదు.

రెండవవారు కుమారులు. కల్యాణమంటపమునకు లక్షలు పోయుదురు. తండ్రి సీసా అయిపోయినదేమో చూడరు. 1978 మొదలు వాడుకలోనున్న టిమోలాలు సీసా వెల ఇద్దరి ఫలహారపు ఖర్చంత యుండునేమో. 1996లో వచ్చిన లటానోప్రోస్టు కొంత ప్రియమైనను రాత్రి యొక్క చుక్కతో సరిపోవును. జనౌషధి దుకాణములలో తక్కువ వెలకు దొరకు మందులను గూర్చి విచారింపవచ్చును. ఉబ్బసము గలవారికి, నాడి మందముగా నడుచువారికి టిమోలాలు ప్రమాదకరము. ఆ సంగతి వైద్యునితో చెప్పవలసినదియు వెంట పోయిన కొడుకే గదా!

మూడవవారు ‘తెలిసినవారు’. నందివర్ధనపు పూరసము, ఆముదము, తేనె! కంటిలో పోయుటకు వంటింటిలో ఇంకేమి మిగిలినదో వారే చెప్పవలెను.

ఇక మన కార్యవర్గమున కొందరు “సంఘము భాషకొరకు, వైద్యమునకు కాదు” అనుచున్నారు. వారికే నా ముఖ్యమైన ప్రశ్న. 2006 నాటి చట్టము వచ్చిన పిదప మన పిల్లలకు బడిలో తమిళము తప్పనిసరి యైనది. ఇంట తెలుగు పలుకు పిల్లలలో తెలుగక్షరములు చదువగలవారు ఎందరున్నారో లెక్కపెట్టి చూడుడు. ఈ పత్రికను అచ్చులో చదువువారు అరువది దాటినవారే. వారి కండ్లు పోయిన యింట మనుమనికి గుణింతము దిద్దించువారెవరు? వైద్యుని మాట రోగికి అర్థమగు భాషలో చేరుట భాషాసేవ కానిచో మరియేది భాషాసేవ?

వచ్చు సర్వసభ్య సమావేశమున నేనొక తీర్మానము పెట్టబోవుచున్నాను. ఉగాది పందిళ్ల ఖర్చులో కొంత తగ్గించి, చుక్కలు వేసికొను వేళలు గుర్తుపెట్టుకొను చీటీలు అచ్చువేయింతము. మాటలు తెలుగే, ఒక ప్రక్క తెలుగు లిపిలోను, రెండవ ప్రక్క పిల్లల కొరకు తమిళ లిపిలోను ఉండవలెను. ఒక్క చుక్క చాలును, రెండవది చెంపమీదికి కారునదే యని అందు వ్రాయవలెను. వేసిన పిదప రెప్పలు మూసి, ముక్కు ప్రక్కనున్న కంటిమూలను రెండు నిమిషములు వ్రేలితో అదిమి పట్టవలెననియు, లేనిచో మందు ముక్కులోనికి దిగి నెత్తురులో కలియుననియు వ్రాయవలెను. రెండవ మందున్నచో అయిదు నిమిషములు ఆగవలెను. రోగి తోబుట్టువులు, బిడ్డలు నలుబది దాటినవారు తామును పరీక్ష చేయించుకొనవలెను.

సమావేశమునకు వచ్చు పెద్దలు తాము వాడుచున్న సీసాలను, వైద్యుని చీటిని వెంట తేవలయునని కోరుచున్నాను. వానిమీద నున్నది చదివి తెలుగులో చెప్పుటకు ఫార్మసీ చదివిన మన పిల్లలిద్దరు ఒప్పుకొన్నారు.