ఈ ఇద్దరిలో ఎవరు?

ఇంటిపేరు మీద సంపాదకీయమా అని కొందరికి అనిపించవచ్చు. నాకు తెలిసిన ఒక టీచరు సంగతి చెబుతాను.

బడి రిజిస్టరులోనూ, పదో తరగతి సర్టిఫికెట్టులోనూ ఆమెది పుట్టింటి పేరు. ఎస్సీ కుల ధ్రువీకరణ పత్రమూ ఆ పేరు మీదే ఉంది. పెళ్ళయ్యాక అత్తవారు ఆధార్‌లో, బ్యాంకు పాసుపుస్తకంలో తమ ఇంటిపేరు ఎక్కించారు. ఆమెనెవరూ అడగలేదు. ఉద్యోగానికి సర్టిఫికెట్లు పరిశీలించే రోజున అధికారి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "ఈ ఇద్దరిలో నువ్వెవరమ్మా?" అన్నాడు. ఆ ఇద్దరూ తానేనని నోటరీ దగ్గర ప్రమాణపత్రం రాయించుకుని రావాల్సి వచ్చింది. ఆమె భర్తకు ఏనాడూ ఈ ప్రశ్న ఎదురు కాలేదు.

భార్య భర్త ఇంటిపేరు పెట్టుకోవాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పలేదు. విచిత్రమేమంటే, రిజర్వేషన్ దగ్గరికొచ్చేసరికి పెళ్ళి లెక్కలోకే రాదు. వెనుకబడిన వర్గానికి చెందినవాణ్ణి పెళ్ళాడినంత మాత్రాన అగ్రవర్గంలో పుట్టిన స్త్రీకి రిజర్వేషన్ రాదని 1996లో వల్సమ్మ పాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సబబే. చిన్ననాటి నుంచి పడిన వివక్షకు కదా రిజర్వేషన్! మరి పుట్టుకతో వచ్చిన కులం పెళ్ళితో పోనప్పుడు, పుట్టుకతో వచ్చిన పేరు మాత్రం ఎందుకు పోవాలి?

అలాగని పుట్టింటి పేరు నిలుపుకోమని అందరికీ ఒకే సలహా ఇవ్వలేం. అదీ తండ్రి పేరే. పైగా మన దగ్గర "మీ ఇంటిపేరేమిటి?" అన్నది చాలాసార్లు కులం అడగడమే. స్టాఫ్‌రూములో ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా ఈ టీచరు మాట మార్చేస్తుంది. అగ్రకుల స్త్రీకి ఆత్మగౌరవంగా కనిపించే ఇంటిపేరే దళిత స్త్రీకి పక్క కుర్చీ ఖాళీ అవడానికి కారణం కావచ్చు. ఈ తేడాను స్త్రీవాదులమైన మనం తగినంతగా మాట్లాడుకోలేదని నా అభిప్రాయం.

పిల్లల విషయంలో కోర్టులు కొంత ముందుకు నడిచాయి. తల్లి కూడా సహజ సంరక్షకురాలు కాగలదని 1999లో గీతా హరిహరన్ కేసులో తీర్పు వచ్చింది. భర్త చనిపోయి మళ్ళీ పెళ్ళి చేసుకున్న తల్లికి బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కుందని 2022లో, మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆమె ఎంచుకున్నది రెండో భర్త ఇంటిపేరు. హక్కు తల్లిది, పేరు మళ్ళీ మగవాడిదే!

గ్రామాల్లో పనిచేస్తున్న కార్యకర్తలకు ఒక విన్నపం. పెళ్ళయిన అమ్మాయి ఆధార్ కేంద్రానికి బయలుదేరేముందే, చిరునామా మార్చుకుంటే చాలునని, పేరు మార్చనక్కర్లేదని చెప్పండి. రెండు పేర్ల మధ్య నలిగి ఉద్యోగమో, సీటో, స్కాలర్‌షిప్పో పోగొట్టుకున్నవారుంటే వివరాలు మాకు రాయండి. వారి పేర్లు ప్రచురించం.